గుర్రం తోక, కారు ఫోటో

మొన్న సంక్రాంతికి హిందూపురం వెళితే మా తమ్ముడు నన్ను గుమ్మంలోనే నిలేసి, సెల్‌ఫోను నా ముఖం ముందు పెట్టి, "అక్కా, ఈ బండి ఎవరిదో చెప్పు చూద్దాం" అన్నాడు. తెల్లటి అంబాసిడరు. బొద్దుగా, గుండ్రటి దీపాలతో, భోజనం చేసి వచ్చిన పెద్దమనిషిలా నిలబడి ఉంది.

"నాయన బండి!" అన్నాను.

"నాయనది కాదులే. అట్లాంటిదే. అదే 1972 మోడలు. కొనేసినా."

మా నాయన బండి నా పెళ్ళి జరిగిన సంవత్సరం మా ఇంట్లోనుంచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిపోయిందో ఆడపిల్లను కన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు గదా. అప్పుడు తమ్ముడికి పదిహేనేళ్ళు. కొన్నవాళ్ళు బండి తోలుకుపోతుంటే వీధి చివరిదాకా దాని వెనకాలే పరుగెత్తాడట. ఈ సంగతి చాలా ఏళ్ళ తరువాత అమ్మ చెప్పింది గాని, వాడెప్పుడూ అనలేదు.

"ఏదిరా బండి?" అని పెరట్లోకి తొంగిచూశాను.

"ఇంకా రాలేదక్కా. దారిలో ఉంది."

దారిలో లేదు. ఎక్కడా లేదు. కంప్యూటర్లో పాత బండ్లు అమ్మిపెట్టే ప్రకటనల్లో చూశాడట. అమ్మేవాడు మిలిటరీ మనిషినన్నాడట. రాజస్థానానికి బదిలీ అయింది, బండి వెంట తీసుకుపోలేను, మీలాంటి అభిమానులకైతే తక్కువకే ఇస్తానన్నాడట. యూనిఫారంలో ఫోటో, గుర్తింపు కార్డు ఫోటో, బండివి పదకొండు ఫోటోలు పంపాడు. బుకింగుకు 5,000; మిలిటరీ లారీలో పంపేందుకు 18,500; దారి ఇన్సూరెన్సుకు 21,000, "ఇది మీకు తిరిగి వచ్చేదే సార్" అంటూ. నాలుగోసారి అడిగినప్పుడు మా మరదలు ఫోను లాక్కుంది. అప్పటికి ఆమె చీటీ పాట డబ్బు 44,500 వెళ్ళిపోయింది. మర్నాటినుంచి అవతలి నంబరు మూగబోయింది.

"బండి చూస్తివా?" అని అడిగాను.

"ఫోటో చూసినా కదక్కా."

మా మరదలిది ధర్మవరం. ఆ మాట వినగానే వంటింట్లోంచి, "మా ఊర్లో రెండువేల చీరకైనా ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తారు వదినా" అన్నది. అంతే. ఇంకేమీ అనలేదు.

వాణ్ణి చూసి నవ్వబుద్ధి కాలేదు. నాకు మాత్రం ఒక రాజుగారు జ్ఞాపకం వచ్చారు.

ఆయన సాళువ నరసింహరాయలు. 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కాడు. ఆయన వంశానికి మా పెనుకొండతో చుట్టరికం ఉన్నది. ఆయన పోయిన తరువాత కొడుకును మంత్రి పెనుకొండ కోటలోనే కాపలా పెట్టి ఉంచాడు. ఈ కబుర్లన్నీ వ్రాసిపెట్టినవాడు ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసువాడు. 1535 నాటికి విజయనగరంలో ఉన్నాడు. పండితుడు కాడు, గుర్రాల బేరగాడు. అందుచేత రాజుల యుద్ధాలతోపాటు గుర్రాల ధరలు కూడా శ్రద్ధగా వ్రాశాడు. ఆయన వ్రాతను రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి మార్చి 1900లో అచ్చువేయించాడు.

గుర్రమంటే ఇప్పుడు మనకు పెళ్ళి ఊరేగింపులో కనబడే జంతువు. ఆ రోజుల్లో గుర్రం లేని రాజ్యం పెట్రోలు లేని మోటారు లాంటిది. మన నేలమీద మంచి యుద్ధాశ్వాలు పెరగవు. అరేబియానుంచి, పారశీకంనుంచి ఓడల్లో రావలసిందే. హార్ముజ్‌లో ఎక్కితే గోవాలోనో భట్కళ్‌లోనో దిగాలి. పైగా 1472లో గోవా బహమనీల చేతికి పోయింది. రేవు పోయిన రాజుకు గుర్రం మరింత ప్రియమైంది. ఎడారిలో పుట్టిన జంతువు సముద్రంమీద వారాల తరబడి ఊగుతూ వస్తుంటే దారిలోనే చాలా చచ్చేవి. ఆ నష్టానికి భయపడి వర్తకుడు ఓడ ఎక్కడం మానుకుంటే రాజ్యం నడవదు.

నరసింహరాయలు చేసిన ఏర్పాటు ఇది. వెయ్యి పర్దావులకు మూడు గుర్రాలు. పర్దావంటే ఇంచుమించు మన వరహా. బతికి వచ్చినా సరే, చచ్చి వచ్చినా సరే. సముద్రంమీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికిచ్చినట్టే సొమ్మిచ్చేవాడట!

నేను మొదటిసారి చదివినప్పుడు "ఎంత వెర్రిబాగులవాడు" అనుకున్నాను. తరువాత ఆలోచిస్తే వెర్రి కాదు. ఇన్సూరెన్సు కంపెనీలు పుట్టని రోజుల్లో ఆయనే వర్తకుడికి ఇన్సూరెన్సు. నష్టం నాది, నువ్వు మాత్రం గుర్రాలు తేవడం మానవద్దు అన్నాడన్నమాట. కాని ఆడదాని బుద్ధి గనక నాకు ఇంకో సందేహం వచ్చింది. ఆ తోక ఏ గుర్రానిది? అరబ్బు గుర్రానిదా, హార్ముజ్ బజారులో చచ్చిన ముసలి తట్టువదా? తోకకు పళ్ళు లేవు వయసు చూడడానికి, కాళ్ళు లేవు కుంటి చూడడానికి. నూనిజ్ ఆ ఊసే ఎత్తలేదు. ఆయనా గుర్రాలవాడే గదా, ఎందుకెత్తుతాడు!

మా తమ్ముడికి వచ్చిన పదకొండు ఫోటోలు పదకొండు తోకలే. అయితే రాజుగారికి తోక వెనకాల ఖజానా ఉన్నది. వీడి వెనకాల ఉన్నది మరదలి చీటీ డబ్బు.

గుర్రాల బేరంలో చేతివాటం ఇక్కడే పుట్టిందని కాదు. అంతకు రెండువందల ఏళ్ళ ముందే పాండ్యదేశం చూసిన మార్కోపోలో, అక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొంటున్నా ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవని వ్రాశాడు. లాడాలు కొట్టేవాళ్ళనూ, గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళనూ వర్తకులు ఆ దేశానికి రానిచ్చేవారు కారట. గుర్రాలు చస్తేనే గదా మళ్ళీ అమ్మేది! రిపేరు తెలిసినవాణ్ణి కొనేవాడి దగ్గరికి చేరనీయకపోవడం ఎంత పాత విద్యో చూడండి. మా తమ్ముడు "మా మెకానిక్‌ను పంపి చూపించుకుంటా" అంటే, "కంటోన్మెంటులోకి బయటివాళ్ళను రానీయరు సార్" అన్నాడట ఆ మహానుభావుడు.

శ్రీకృష్ణదేవరాయలు ఈ మర్మం బాగా ఎరిగినవాడు. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేచోట, దూరద్వీపాలనుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను దర్శనాలతో, కానుకలతో, మంచి ధరలతో కట్టిపడేసుకోవాలనీ, ఆ జంతువులు శత్రువుకు చేరకూడదనీ చెప్పాడు. కవిత్వంలో వ్యాపారమేమిటని ముక్కు విరిచేవాళ్ళకు ఆ భాగం చూపించాలి. అచ్యుతరాయల నాటికి ఆ వ్యాపారం మరీ ముదిరింది. రాజు ఏటా 13,000 గుర్రాలు కొని, మేలైన పారశీకపు గుర్రాలు తనకుంచుకుని, నాటు గుర్రాలను వెయ్యి పర్దావులకు అయిదు చొప్పున తన సేనానులకే అంటగట్టేవాడని నూనిజ్ వ్రాత. సొమ్ము సెప్టెంబరులోగా కట్టి తీరాలి. ఆ వచ్చిన డబ్బుతోనే పోర్చుగీసువాళ్ళ బాకీ తీర్చేవాడు. ఖజానానుంచి కానీ కదలదు. ఇప్పటి సెకండ్ హ్యాండ్ కార్ల షాపులవాళ్ళెవరైనా ఈ లెక్క చూస్తే దణ్ణం పెడతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, పెనుకొండకు సంబంధించిన కథ ఇంకొక ఎత్తు.

1565 జనవరిలో రక్కసి తంగడి దగ్గర అళియ రామరాయలు నేలకూలాడు. విజయనగరం కొల్లబోయింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు దొరికినంత ధనం ఏనుగులమీద వేసుకుని, పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు. కొల్లగొట్టినవాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ పాతనగరానికి వచ్చి దాన్ని నిలబెట్టాలని చూశాడు. ఖజానా చిక్కిపోయింది. గుర్రాలు యుద్ధంలో పోయాయి. సరిగ్గా ఆ రోజుల్లో, 1567లో, సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు గోవానుంచి విజయనగరం వచ్చాడు. ఆయనతో కలిసి వచ్చిన ఇద్దరు వర్తకులు మూడువందల అరబ్బు గుర్రాలు తోలుకొచ్చారు.

వాళ్ళు ఊరికే రాలేదు. పిలిస్తే వచ్చారు. తిరుమలరాయలు గోవాకు కబురుపెట్టాడట: గుర్రాలున్నవాళ్ళు తీసుకురండి, మంచి ధర ఇస్తాను అని. అంతటితో ఆగలేదు. మొన్నటి యుద్ధంలో పట్టుబడిన గుర్రాలు ఎవరి దగ్గరున్నా, వాటిమీద నా ముద్రే ఉన్నా సరే, అడిగిన ధర ఇస్తాను, తెచ్చేవాళ్ళకు అభయం ఇస్తున్నాను అన్నాడు. అంటే, నా గుర్రం నీ దగ్గరికి ఎలా వచ్చిందని అడగనని హామీ. ఇంతకన్నా తీపి మాట ఏ బేరగాడు విన్నాడు? గుర్రాలు మందలుగా వచ్చాయి. రాజు అందరితోనూ ఎంతో మర్యాదగా మాట్లాడుతూ, ఇదిగో అదిగో అంటూ గడిపాడు. ఇక కొత్తగా వచ్చే గుర్రాలు లేవని తేలిన రోజున, "మీరు వెళ్ళిరావచ్చు" అన్నాడు. గుర్రాలు అక్కడే. సొమ్ము మాత్రం ఒక్క కాసు లేదు. ఆ వర్తకులు దుఃఖంతో పిచ్చెత్తినట్టు అయిపోయారని ఫ్రెడరిక్ వ్రాశాడు. ఆయన నెలలో తెముల్చుకోవలసిన పనికి దొంగల భయంచేత ఏడు నెలలు ఆ పాడుపడ్డ నగరంలోనే చిక్కుకున్నాడు. గనుక వాళ్ళ ముఖాలు దగ్గరగానే చూసి ఉంటాడు.

ఆ సంవత్సరమే రాజూ పరివారమూ ఎనిమిది రోజుల ప్రయాణం దూరాన ఉన్న పెనుకొండకు రాజధాని మార్చేశారనీ ఆయనే చెప్పాడు. ఆ గుర్రాలు కూడా ఆ పరివారంతో మా పెనుకొండ కొండ ఎక్కే ఉంటాయని నా ఊహ.

తిరుమలరాయలను నేను మోసగాడని తేలిగ్గా కొట్టిపారేయలేను. గగనమహలు చూడ్డానికి వెళ్ళే మనందరికీ ఆయన రాజ్యం నిలబెట్టినవాడు. కూలిన ఇంటిని నిలబెట్టేవాడు పక్కింటి దూలమైనా లాక్కొస్తాడు కాబోలు. కాని ఆ మూడువందల గుర్రాలవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఆడవాళ్ళుంటారు. గోవాలోనో హార్ముజ్‌లోనో, వస్తారు వస్తారని దీపం పెట్టుకుని కూర్చుని ఉంటారు.

ఈ కథ మా తమ్ముడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "అచ్చం అట్లే మాట్లాడినాడక్కా. నన్ను ఎంత మర్యాదగా సార్ సార్ అన్నాడో" అన్నాడు. ఎప్పుడైనా సరుకూ సొమ్మూ రెండూ ఒకడి చేతిలోనే పడ్డాయంటే, ఇక రెండోవాడికి మిగిలేది ఆ మర్యాద ఒక్కటే.

ఇప్పుడు అమ్మేవాళ్ళను కూడా వదలడం లేదు సుమండీ. మీ పాత కుర్చీనో బండినో కొంటామని ఫోను చేసి, "డబ్బు పంపుతున్నాను, ఈ గడుల బొమ్మ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి" అంటారు. కొడితే మన డబ్బే పోతుంది. ఫోనులో డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కరలేదు. గుర్రాలిచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళ వరస అది.

అన్నట్టు, రాజుగారి ముద్ర సంగతి చెప్పాను గదా. గుర్రానికి వాత వేసి ముద్ర కొట్టడం ఢిల్లీలో అల్లావుద్దీన్ ఖిల్జీ కూడా పట్టుదలగా జరిపించాడు. సిపాయిలు మంచి గుర్రం చూపించి జీతం పుచ్చుకుని, తరువాత నాసి గుర్రంతో సరిపెడుతున్నారని. మోటారుకు ఆ వాత ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఆర్.సి. పుస్తకంలో ఒకటి, ఇనుముమీద ఒకటి ఉంటే ఆ బండి కథ ఎక్కడో తెగిందన్నమాట. తెగిన ప్రతిదీ దొంగతనం కాదు. పాత అంబాసిడర్లకు పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది పెట్టించుకున్నవాళ్ళు ఎందరో. కాని ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కాలి. ఎక్కనిదాన్ని పూర్వం తనిఖీలో తిప్పికొట్టేవారు, మనమూ కొట్టాలి.

ఇదేమీ దూరపు మాట కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. గుర్రాలు దిగిన నేలమీద ఇప్పుడు ఏటా లక్షల కార్లు ఎక్కుతున్నాయి. 2025 మార్చిలో, ఆ ఫ్యాక్టరీలో సుమారు 900 ఇంజన్లు లెక్కకు రావడం లేదని కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇంజను జేబులో వేసుకుపోయే వస్తువు కాదు. ఎక్కడికో వెళ్ళిందంటే ఎవరో కొన్నారనే గదా అర్థం. చౌకగా వచ్చిందని కొనేవాళ్ళకు ముద్ర చూడాలనిపించదు. అసలు చూడకూడదనే అనిపిస్తుంది.

అంబాసిడరు విషయానికొస్తే, బెంగాలులో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీనుంచి 2014 వరకూ వచ్చింది, ఆ తరువాత ఆగిపోయింది. ఇక పుట్టని వస్తువుకు మమకారంతో వెలకట్టేవాళ్ళు పెరుగుతారు, ఆ మమకారం పసిగట్టేవాళ్ళూ పెరుగుతారు. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ హోదా ఇచ్చింది. పాత నంబరుంటే ఉంచుకోవచ్చు, కొత్తగా తీసుకుంటే నంబరులో వి.ఎ. అనే అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000, పదేళ్ళు చెల్లుతుంది. ఇది రావడంతో "వింటేజ్ పేపర్లు చేయించి ఇస్తాం, ముందు రుసుము పంపండి" అనే కొత్త రాగం కూడా మొదలైంది.

బండి వివరాలు ఇప్పుడు ప్రభుత్వంవారి వాహన్ సైటులో నంబరు కొడితే కనబడతాయి. అప్పు తీరిందా లేదా అన్నదీ తెలుస్తుంది. కాని ముప్పై నలభై ఏళ్ళనాటి బండ్లలో చాలావాటి లెక్క ఇంకా కంప్యూటరులోకి ఎక్కలేదు. వాటికి ఆర్.టి.ఓ. ఆఫీసులో దుమ్ము దులపాల్సిందే. అమ్మేవాళ్ళు కూడా ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి కొన్నవాడి చేతిలో పెట్టేసి నిశ్చింతగా నిద్రపోకూడదు. రికార్డులో పేరు మారేదాకా ఆ బండి చేసిన ప్రమాదాలకు పాత యజమానే జవాబుదారీ అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

మా తమ్ముడు నాలుగు రోజులు సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. అయిదోనాడు మరదలే 1930కి ఫోను చేయించింది. సైబరు మోసాలకు ప్రభుత్వం పెట్టిన నంబరది. డబ్బు ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు దాటకముందే చెబితే ఆపే వీలుంటుంది. నాలుగు రోజులంటే అది ఎన్ని చేతులు మారిందో! ఫిర్యాదు నమోదైంది, డబ్బు రాలేదు. నాకు ఆ డబ్బుకన్నా ఆ నాలుగు రోజుల సిగ్గే ఎక్కువ బాధ అనిపించింది. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషి ఇంట్లో ఎవరి కళ్ళూ చూడకుండా అన్నం తిన్నాడు.

నేను తిరుగు ప్రయాణం కట్టేలోగా ధర్మవరంలో ఒక అంబాసిడరు ఉన్నదని మరదలి అన్న కబురు పెట్టాడు. ముగ్గురం వెళ్ళాం. బండి వేపచెట్టు కింద నిలబెట్టి ఉంది, ఫోటోలో ఉన్నంత తెల్లగా లేదు. తమ్ముడు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టుమీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. వాడి ముఖం చూస్తే అప్పుడే అడ్వాన్సు ఇచ్చేసేలా ఉన్నాడు. మరదలు మాత్రం ఆర్.సి. అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, బానెట్టు ఎత్తించింది. టార్చి నేను పట్టుకున్నాను. తుప్పుమీద కొంచెం కొబ్బరినూనె రాసి, పాతగుడ్డతో తుడిచి, ఒక్కొక్క అంకే బయటికి చదివింది, అచ్చం చీర అంచు పోగులు లెక్కపెట్టినట్టు. అన్నీ కలిశాయి, చివరిది తప్ప. అది మూడో ఎనిమిదో తెలియడం లేదు. ఆర్.సి.లో ఎనిమిది ఉంది.

"ఎనిమిదే లేమ్మా, అరిగిపోయింది" అన్నాడు అమ్మే పెద్దాయన.

"అయ్యుండచ్చు మామా. సోమవారం ఆర్.టి.ఓ. ఆఫీసుకు పోయి అడుగుదాం, మీరూ రండి" అన్నది మరదలు.

ఆయన కాసేపు ఆలోచించి, సరే వస్తానన్నాడు. తమ్ముడు బానెట్టు మీంచి చెయ్యి తీసి, మెల్లగా దాన్ని దించాడు.